తేజేశ్వర్ చూడమన్న సినిమా

కడప వై.వి. స్ట్రీటులో తేజేశ్వర్‌కు స్టీలు సామాన్ల అంగడి ఉండాది. ఆ అంగట్లో కుక్కరు కొంటే గాస్కెట్టు ఒకటి ఊరికే ఇస్తారు, సినిమా పేరు ఒకటి ఊరికే చెప్తారు. గాస్కెట్టు వద్దనుకుంటే పెట్టేసి పోవచ్చు. సినిమా పేరు తీసుకోకుండా ఆ అంగడి మెట్లు దిగినోడు మాత్రం ఇంతవరకూ ల్యాడు.

సినిమా అంటే మన థియేటర్లలో ఆడేది కాదు. హీరో ఉంటే తేజేశ్వర్ దాన్ని సినిమా లెక్కలోకే తీసుకోడు. పాటలుంటే పులిసిన మజ్జిగ తాగినోని మాదిరి మొగం పెడ్తాడు. ఆయప్ప చెప్పేవన్నీ ఎవురో పేరు తెలీని పిలగాడు ఉన్న స్థలం అమ్మి, పెండ్లాంతో మాటలు పోగొట్టుకోని తీసినవి. మలయాళంలో ఒక ముసలాయన రెండు గంటలు పడవ కోసం కాచుకోనుంటాడు. అస్సామీలో ఒకామె తప్పిపోయిన మేకను వెతుక్కుంటా పోతాది, మేక దొరకదు. అట్లాంటివి. అవి థియేటర్లకు రావు, వచ్చినా మనోళ్ళు పోరు. మస్తాన్ సీడీ అంగట్లో అద్దెకు తెచ్చుకోని, ఇంట్లో లైటార్పుకోని చూడాల.

"ఇవి ఇంట్లో చూసే సినిమాలన్నా," అంటాడు తేజేశ్వర్, ఇడ్లీ పాత్ర తూకం వేస్తా. "జనంలో కూర్చోని చూస్తే వీటి విలువ పోతాది."

"బాగుంటాదా?"

"బాగుంటాదా అని అడిగే సినిమా కాదది. మనిషిని ఆలోచింపజేస్తాది. చివర్లో అయితే..." అని కండ్లు సగం మూస్తాడు. "నేను చెప్పకూడదు. నువ్వే చూడు."

చెప్పకూడదని కాదు. ఆయప్పకు తెలీదు.

ఆదివారం ఇంగ్లీషు పేపర్లో, పదకేళి కింద, అరచెయ్యంత జాగాలో ఎవురో ఒకాయన ఇట్లాంటి సినిమాల గురించి రాస్తాంటాడు. తేజేశ్వర్ దాన్ని కత్తిరించి గల్లాపెట్టె మీది అద్దం కింద పెట్టుకుంటాడు. సినిమా తెచ్చుకోకుండా ఏం ఉండడు, తెస్తాడు, పెడ్తాడు, మఠం వేసుకోని కూర్చుంటాడు. ఇరవై నిమిషాలకు కండ్లు వాటంతటవే మూసుకుంటాయి. "నిద్ర కాదే అది, లోపలికి చూసుకునేది," అని ఒకసారి పెండ్లాం ఉదయశ్రీకి చెప్పినాడు. "లోపల గురక పెట్టేదెవురు మరి?" అనె ఆయమ్మ.

ఇట్లా అయితే ఎప్పుడో దొరికిపోవాల గదా అని మీరనుకోవచ్చు. దొరకల్యా. ఎందుకంటే కడపలో మర్యాదస్తులు ఏ సినిమానన్నా బాగల్యా అంటారు గానీ, అర్థం కాలేదని మాత్రం అనరు. లెక్చరరు దంపతులు మేక సినిమా తీసుకుపోయి, అరగంటకు ఆపేసి, సీరియలు పెట్టుకోని, మర్నాడు అంగడికొచ్చి "శానా డెప్త్ ఉండాది సార్" అన్నారు. బ్యాంకు మేనేజరు "ఆ మేక మనిషి ఆశకు గుర్తు" అన్నాడు. తేజేశ్వర్ తలాడించినాడు. చెప్పినోడూ చూడల్యా, విన్నోడూ చూడల్యా. ఊరంతా ఆలోచిస్తానే ఉండె. మస్తాన్ ఒక్కడే ఏమీ ఆలోచించకుండా అద్దె తీసుకుంటా ఉండె.

అట్లాంటి సమయంలో, రెండువేల ఆరులో, వాళ్ళక్క రాజ్యలక్ష్మమ్మ అంగడికొచ్చింది.

ఆయమ్మ గురించి కొంచెం చెప్పాల. వీళ్ళది ఆదోని. తేజేశ్వర్‌ను కన్నాక వాళ్ళమ్మ మంచం దిగల్యా. రాజ్యలక్ష్మమ్మకు కడప నూనె మిల్లు లక్ష్మీనరసయ్యతో పెండ్లయినప్పుడు, లారీలో రాగి బిందెలు, ఇత్తడి గంగాళం, వాటి మధ్యన చీమిడి ముక్కుతో తమ్ముడు కూడా కడపకొచ్చినాడు. పెంచింది అక్కే. అంగడి పెట్టిచ్చింది బావ.

బావ శానా మంచోడు. ఆ మాట కడపంతా అంటాది. ఎట్లా మంచోడని అడిగితే మాత్రం ఎవురూ తేల్చి చెప్పలేరు. ఆయప్ప ఎవురినీ ఒక మాటనడు. "ఏముందిలే" అంటాడు, అంతే. మిల్లులో బెల్టు తెగిందంటే ఏముందిలే. కొడుకు జ్ఞానేశ్వర్ ఇంటర్ తప్పినాడంటే ఏముందిలే. పెండ్లానికి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలంటే ఏముందిలే. ఆ "ఏముందిలే" మీద కుదురుగా ఒక సంసారం నడిచిపోయింది. ఇప్పుడు జ్ఞానేశ్వర్‌కు పెండ్లయి, ఒక పిలగాడు కూడా ఉండాడు.

ఆ జ్ఞానేశ్వరే దసరాకు ఇంట్లోకి పెద్ద టీవీ, డీవీడీ ప్లేయరు, అయిదు స్పీకర్లు తెచ్చినాడు. టీవీకి పూలగుడ్డ కప్పినారు. రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగినారు. కవరు మురికి పట్టి లోపలి బటన్లు కనపడక పాయ గానీ, రిమోటు మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంటాది లోపల.

"ఊరందరికీ చెప్తావంట, నాగ్గూడా ఒక సినిమా చెప్పరా," అనె రాజ్యలక్ష్మమ్మ. "మధ్యాన్నం పూట ఏం తోచడంల్యా."

అక్క తనను ఏదన్నా అడగడం తేజేశ్వర్‌కు అదే మొదలు. పొంగిపోయినాడు. అద్దం కింద చూసినాడు. ఒక కన్నడ సినిమా మీద ఆ ఆదివారమే పడిన ముక్క ఉండె. ఇల్లాలి దినచర్య గురించి అని మొదటి వాక్యం. ఆదోనిలో పెరిగిన అక్కకు కన్నడం బాగా వచ్చు. రెండో వాక్యం చదవాల్సిన పనే ల్యాకపాయ.

"నీకోసమే తీసినట్టుంటాదక్కా. ఇంటి సినిమా. గొడవల్లేవు, కొట్లాటల్లేవు. చివర్లో అయితే... నేను చెప్పకూడదు."

రాజ్యలక్ష్మమ్మ తీసుకుపాయ. మధ్యాన్నం ఒక్కతే కూర్చోని చూసింది. మర్నాడు మళ్ళీ చూసింది. మూడోనాడు రాత్రి అన్నాలయినాక, "అందరూ ఒకసారి చూడండి, నా కోసం," అనిందంట. ఆ ఇంట్లో ఆయమ్మ నోట్లోంచి "నా కోసం" అనే మాట రావడం వింతే గాబట్టి అందరూ కూర్చున్నారు. బావకు పావుగంటకు నిద్రొచ్చింది. జ్ఞానేశ్వర్‌కు ఫోనొచ్చింది. కోడలికి పిలగాడు ఏడ్చినాడు. సినిమా చివరికొచ్చేసరికి హాల్లో ఆయమ్మ, అయిదు స్పీకర్లు మిగిలినాయి.

తెల్లారి ఆయమ్మ వంట చేసి, అన్నీ మూతలు పెట్టి, గుడికి పోతాండా అని చెప్పి బయటికి పాయ. ఏ గుడికని ఎవురూ అడగల్యా. సాయంత్రం మహానందిలోని మన కులపోళ్ళ సత్రం మేనేజరు కడప కులసంఘానికి ఫోన్ చేసినాడు. "నూనె మిల్లు లక్ష్మీనరసయ్య గారి భార్య వచ్చినారు, ఒక్కరే, ఒక సంచితో. మర్యాదగా చూసుకుంటాండాం," అని. మనోళ్ళ సత్రంలో గది కావాలంటే పేరు, ఊరు, గోత్రం, ఇంటాయన పేరు చెప్పాల. అన్నీ నిజమే చెప్పినట్టుండాది. ఇంట్లోంచి వెళ్ళిపోయే మనిషి తిన్నగా పోయి సొంత కులం సత్రంలో దిగేది ప్రపంచంలో ఇంక యాడా ఉండదేమో. ఎనిమిది గంటలకంతా వై.వి. స్ట్రీటులో అందరికీ తెలిసిపాయ.

మర్నాడు పొద్దున్నే తేజేశ్వర్‌ను పిలిపించినారు. పోయేసరికి బావ తెల్లచొక్కా వేసుకోని, తల దువ్వుకోని, సోఫా అంచున కూర్చోనుండాడు. బయట అద్దె సుమో నిలబడి ఉండె. మహానందికి పోవడానికే.

"ఇదంతా నీ సినిమా వల్లనే మామా," అన్నాడు జ్ఞానేశ్వర్.

"సినిమాకూ దీనికీ ఏం సంబంధంరా?"

"ఏం సంబంధమా? అది చూసినంక అమ్మ మూడు దినాలు ఎవురితోనూ సరిగా మాట్లాడల్యా. నాలుగోనాడు పాయ. అందులో ఏముండాదో చూద్దామని రాత్రి పెట్టినాం. ఆయమ్మ ఎవురో వంట చేస్తానే ఉండాది. తొందరగా తిప్పినా కూడా నెమ్మదిగానే నడుస్తాండాది. సంచి సర్దుతాది, తలుపు దగ్గర నిలబడతాది. ఆడికొచ్చేసరికి బొమ్మ చదరాలు చదరాలుగా అయి నిలిచిపాయ. పిలగాడు దాన్ని నేల మీద బొంగరం తిప్పినాడంట."

"మస్తాన్ దగ్గర ఇంకోటి..."

"ల్యాదంట. ఊర్లో ఉండేది ఆ ఒక్క డిస్కేనంట."

బావ గొంతు సవరించుకున్నాడు. పెండ్లాం పోయిన రాత్రి సరిగ్గా నిద్రపోయినట్టు ల్యాడు. కండ్లు ఎర్రగా ఉండాయి. 

"తేజా, మీ అక్క ఆ సినిమాలో ఆమె మాదిరే సంచి సర్దుకోని పాయ. మేమెవురూ చివరిదాకా చూడల్యా. నువ్వు చూసినోడివి, చెప్పు. చివర్లో ఆయమ్మ ఏమైతాది?"

హాల్లో అందరూ తేజేశ్వర్ మొగం చూసినారు. కోడలు పిలగాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేండ్లుగా వందమందితో "నేను చెప్పకూడదు" అన్నోడు. ఇప్పుడు చెప్పాల. చూడల్యా బావా అని రెండు మాటలంటే అయిపాయ. కానీ ఆ రెండు మాటలూ అంటే, ఊరికి ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ ఏమైతాయి? లెక్చరరు ఏమనుకుంటాడు? బ్యాంకు మేనేజరు మేక ఏమైతాది? ఇదంతా ఆయప్ప ఒక్క ఊపిరిలో ఆలోచించినాడు. అక్క గురించి ఆలోచించడానికి ఆ ఊపిరిలో జాగా చాల్లేదు.

కండ్లు సగం మూసినాడు.

"తిరిగొస్తాది బావా. ఎవురూ పిలవకుండానే, తనంతట తానే ఇంటికొస్తాది. అదే దాంట్లోని గొప్ప."

ఓదార్పుగా ఉంటాదని చెప్పినాడు. నిజంగానే ఉండె. బావ మొగంలో రక్తం తిరిగొచ్చింది. సోఫాలో వెనక్కి ఆనుకున్నాడు. కొంచెంసేపు అట్లే కూర్చోని, లేచి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, కొక్కేనికి తగిలించినాడు.

"వచ్చేదానికి మనం పోయి పిలిచేదెందుకప్పా? పది మందిలో ఇంకా పలచనైతాం. ఏముందిలే. సుమో పంపించెయ్."

తేజేశ్వర్ నోరు తెరిచినాడు. కోడలు కాఫీ తెచ్చి చేతికిచ్చింది. తెరిచిన నోటితో కాఫీ తాగేసినాడు.

ఆనాడు రాజ్యలక్ష్మమ్మ రాల్యా. మర్నాడూ రాల్యా. తేజేశ్వర్ అంగట్లో కూర్చుంటే ప్రతి బస్సు హారనూ నంద్యాల బస్సు హారనే అనిపించె. ఊరికి మాత్రం సినిమా మీద ఎక్కడల్యాని ఆసక్తి పుట్టింది. ముందెప్పుడూ సినిమా పేరు చెప్తే తల గోక్కునేవాళ్ళు ఇప్పుడు వచ్చి, "మీ అక్కగారు చూసినదేది సార్? అది మాత్రం వద్దు, మిగతాది ఏదన్నా చెప్పండి," అంటాండారు. లెక్చరరు పెండ్లాన్ని ఇంట్లో పెట్టి, డీవీడీ ప్లేయరు వైరు పీకి కాలేజీకి తీసుకుపోతాండాడంట.

రెండోనాటి రాత్రి అన్నం దగ్గర ఉదయశ్రీ అడిగింది.

"నువ్వు చూసినావా అది?"

"ఏది?"

"నాతో కూడా నాటకమేనా?" అనె ఆయమ్మ. పప్పు వడ్డించి గరిటె పక్కన పెట్టింది. "ఇంట్లోకి వచ్చిన ప్రతి డీవీడీ డబ్బా దుమ్ము తుడిచి మస్తాన్‌కు తిరిగిచ్చేది నేను. ఆ కన్నడం డబ్బా మనింటికే రాల్యా. నేరుగా వదినకే పాయ."

తేజేశ్వర్ ముద్ద మింగినాడు. ఇంకో ముద్ద కలిపినాడు.

"అన్నయ్య చొక్కా విప్పినాడంట గదా," అనె ఉదయశ్రీ. "కోడలు చెప్పింది. వదిన ఆడ కూర్చోని ఎవురి కోసం చూస్తాంటాదో ఒకసారన్నా అనుకున్నావా?"

తెల్లారి తొలి బస్సుకు బయల్దేరినాడు.

మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల. ఎర్రటి ఎండ. నంద్యాలలో బస్సు మారినాక అరిటితోటలు మొదలైనాయి, గాలి కొంచెం చల్లబడింది. దారంతా ఆయప్ప ఒకటే అనుకుంటా పోయినాడు. అక్కను నాతో తీసుకొస్తే, నా మాట నిజమే అయిపోతాది, ఎవురికీ ఏమీ చెప్పే పని ఉండదు. ఇంత బాధలో కూడా తన మాట నిజమయ్యే దారి వెతుక్కుంటాండానే అని ఒకసారి సిగ్గేసింది గానీ, అంతలో మహానంది వచ్చేసింది.

సత్రం మేనేజరు బట్టతల మనిషి, మెడలో తువ్వాల. పేరు చెప్పంగానే లేచి నిలబడినాడు.

"తేజేశ్వర్ గారంటే సినిమాలు చెప్పేది మీరేనా? మా తోడల్లుడు కడపలోనే ఉంటాడు, శానా చెప్తాంటాడు. మాకూ ఈ మధ్యనే ప్లేయరు వచ్చింది. యాత్రికులకు ఏదన్నా మంచిది పెడదామని."

"మలయాళంలో ఒకటుండాది, ఒక ముసలాయన పడవ కోసం..." అని నోరు దానంతటదే మొదలుపెట్టింది. దాన్ని మధ్యలో పట్టుకోని ఆపినాడు. "మా అక్క యాడుంది?"

మేనేజరు గొంతు తగ్గించినాడు. "వెనక వసారాలో ఉండారు. ఏమీ అనుకోవద్దు, ఒక మాట. ఒంటరి ఆడమనిషికి నాలుగు రాత్రులే ఇస్తాం. పెద్దల కాలం నుంచీ అదే పద్ధతి. ఆపైన ఉండాలంటే ఇంటి మగోళ్ళు ఎవురన్నా మాట చెప్పాల. ఈ రాత్రితో నాలుగైతాయి. మీ బావగారికి పొద్దున్నే ఫోన్ చేస్తే, పొడిగించొద్దు, రేపు ఖాళీ చేయించండి, ఇంటికే వస్తాది, సినిమాలో గూడా అంతేనంట, అన్న్యారు. సినిమా సంగతి నాకర్థం కాల్యా గానీ, సరేనన్నా."

వసారాలో రాజ్యలక్ష్మమ్మ గోడకానుకోని కూర్చోనుంది. ముందు ఖాళీ విస్తరాకు. అప్పుడే తిన్నట్టుండాది. చెయ్యి ఇంకా కడగల్యా.

"ఎట్లొచ్చినావురా?"

"బస్సుకు."

"ఒక్కడివేనా?" అని తమ్ముని భుజం మీదుగా గేటు వైపు చూసింది. చూసి, కొంచెంసేపు ఆగి, మళ్ళీ చూసింది. ఆ రెండో చూపు తేజేశ్వర్‌కు యాడ తగలాల్నో ఆడ తగిలింది.

"తిన్నావా?" అనె. "ఈడ పప్పు ఉప్పుకషాయం. చారు నీళ్ళు. ఎంత బాగుండాయో చెప్పలేను. ఇంకొకరు ఉప్పేసిన కూడు తిని ఎన్నాళ్ళయిందో."

తేజేశ్వర్ నేల మీద కూర్చున్నాడు. బస్సులో తయారు చేసుకున్న మాటలన్నీ ఉండాయి. పిలగాడు నీకోసం ఏడుస్తాండాడు, జ్ఞానేశ్వర్ దిగులు పడినాడు, నలుగురూ నాలుగు అంటాండారు. అవన్నీ పక్కన పెట్టినాడు.

"అక్కా, ఆ సినిమా..."

"నువ్వు చూడల్యా గదా."

ఆయప్ప తలెత్తినాడు.

"చూసింటే నాకు చెప్పేటోడివి కాదు," అనె రాజ్యలక్ష్మమ్మ. కోపంగా అనల్యా. ఉప్పు గురించి చెప్పిన గొంతుతోనే అనింది.

"ఆయమ్మ యాడికి పోతాదక్కా? సంచి సర్దుకోని?"

"యాడికీ పోదురా. దినామూ సంచి సర్దుతాది, తలుపు దాకా వస్తాది, పాలోడు వస్తాడు, పాలు తీసుకుంటాది. సంచి మళ్ళీ విప్పుతాది. ఎవురూ ఏమీ అనరు ఆ ఇంట్లో. మొగుడు మంచోడు. చివర్లో రేపటి దోసెలకు పిండి రుబ్బి గిన్నెకెత్తి మూత పెడ్తాది. పేర్లు పడ్తాయి."

"అంతేనా?"

"అంతే. పేర్లు పడ్తాండంగా నేను గూడా లేచి పోయి మినప్పప్పు నానేసి వచ్చినా. వచ్చి కూర్చున్నాక, ఏం చేసొచ్చినానో అప్పుడు తెలిసింది. భయమేసిందిరా తేజా. ఒళ్ళంతా చెమట." ఎండిన చేతిని చూసుకుంది. "వాళ్ళకు చూపిస్తే ఎవురన్నా ఏమన్నా అంటారేమో అనుకున్నా. మీ బావకు నిద్రొచ్చింది. నిద్ర తప్పు కాదులే. లేచినాక, 'బాగుండాది, ఏముందిలే' అన్న్యాడు."

లోపల ఎవురో గంగాళం కడుగుతాండారు. ఆ చప్పుడు ఆగినాక ఆయమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి నేల వైపు చూస్తా.

"బండి గూడా మాట్లాడల్యానా మీ బావ?"

చెప్పకపోయినా సరిపోయేది. బావకు ఒంట్లో బాగల్యాదని ఒక ముక్క అంటే పాయ. అట్లాంటి ముక్కలు తేజేశ్వర్‌కు నోటి నిండా ఉంటాయి. కానీ అక్క గేటు వైపు చూసిన చూపు ఇంకా గుండెలో గుచ్చుకోనే ఉండె.

"మాట్లాడినాడక్కా. సుమో వచ్చి నిలబడింది. బావ చొక్కా వేసుకోని కూర్చోనుండె. రాత్రంతా నిద్రపోయినట్టు ల్యాడు. నన్నడిగినాడు, సినిమాలో ఆయమ్మ చివరికేమైతాదని. నేను... ఎవురూ పిలవకుండానే తిరిగొస్తాదని చెప్పినా. బండి పంపించేసినాడు."

రాజ్యలక్ష్మమ్మ ముందరున్న విస్తరాకు మడిచి పక్కన పెట్టింది. తిడితే బాగుండు అనుకున్నాడు తేజేశ్వర్. చిన్నప్పుడు తిట్టేది.

"ఇన్నేండ్లలో నేను ఏం చెప్పినా నమ్మినోడు కాదు," అనె చివరికి. "నువ్వు చూడని సినిమాను నమ్మినాడు."

తేజేశ్వర్ జేబులోంచి ఫోన్ తీసినాడు. సిగ్నల్ కోసం వసారా మెట్టు దిగి, కొళాయి దగ్గరకు పోయి నిలబడినాడు. బావ వెంటనే ఎత్తినాడు. ఫోన్ చేతిలోనే పెట్టుకోని కూర్చున్నట్టుండాది.

"బావా, నేను అబద్ధం చెప్పినా. ఆ సినిమా నేను చూడల్యా. ఆయమ్మ తిరిగి రాదు."

"ఎవురు?"

"సినిమాలో ఆయమ్మ."

"మరి యాడికి పోతాది?"

"యాడికీ పోదు బావా. ఇంట్లోనే ఉంటాది. వంట చేసుకుంటా."

అవతల కొంచెంసేపు మిల్లు చప్పుడు వినపడింది. "ఇంట్లోనే ఉంటే ఇంక గొడవేముంది? అది చూసి మీ అక్క యాల పాయ?"

"అదే బావా. అందుకే పాయ."

లక్ష్మీనరసయ్య ఏముందిలే అనల్యా. ఆ మాట రావాల్సిన చోట ఊపిరి మాత్రం వినిపించింది. మిల్లు చప్పుడు దూరమైంది. బయటికి నడిచొచ్చినట్టుండాడు.

"ఇప్పుడు నేను రావాల్నంటావా?"

తేజేశ్వర్ వెనక్కి తిరిగినాడు. అక్క మెట్టు మీదికి వచ్చి నిలబడి ఉండె. ఫోన్‌లో మాట ఆడిదాకా వినపడుతానే ఉండాది.

"అడుగుతాండాడా?" అనె ఆయమ్మ. "అడిగి వచ్చేటట్టయితే వద్దని చెప్పు."

"ఏమంటాంది?" అన్నాడు బావ.

చెప్పినాడు. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీసెయ్యకుండా. ఇంకొకరి మాటను ఉన్నదున్నట్టు చెప్పడం ఎంత కష్టమో ఆయప్పకు అప్పుడు తెలిసింది.

బావ కోపం తెచ్చుకున్నాడు. ఆయప్ప కోపం తేజేశ్వర్ ఎప్పుడూ చూసింది ల్యాదు. వాడకం ల్యాక తుప్పు పట్టి, మాట మాటకూ తట్టుకుంటాంది. "నేనేం చేసినానప్పా మీ అక్కకు? కొట్టినానా, తిట్టినానా? రేపు సత్రం వాళ్ళు గది ఖాళీ చేయిస్తారు. నువ్వు ఆడనే ఉండి పిల్చుకోని రా. నిన్ను లారీలోంచి దించుకున్నప్పుడు ఒక మాటన్నానా నేను? ఈ ఒక్క పని చెయ్యి."

ఫోన్ పెట్టేసినాడు.

మేనేజరు వసారా చివర నిలబడి, తువ్వాలతో చేతులు తుడుచుకుంటా, ఏమీ విననట్టు మొగం పెట్టుకోనుండాడు. "మరి ఏం చెయ్యమంటారు? రేపు పొద్దున్నే హైదరాబాదు నుంచి బస్సు వస్తాంది. గది వాళ్ళకు రాసేద్దునా?"

తేజేశ్వర్ అక్క వైపు చూడల్యా. చూస్తే ఆయమ్మ మొగంలో ఏముండాదో దాన్ని బట్టి చెప్పాల్సొస్తాది, తప్పు చదివితే మళ్ళీ అదే కథ. నేల వైపు చూసి చెప్పినాడు.

"నేను తమ్ముణ్ణి. మగోని మాట కావాలంటే నా మాట రాసుకోండి. గది ఉంచండి."

"బావగారు వద్దన్న్యారు గదప్పా. రేపు సంఘంలో మాటొస్తాది. మీరు కూడా అదే బజార్లో ఉండాల్సినోళ్ళు."

"ఉండాల్సినోణ్ణే. రాసుకోండి."

మేనేజరు తల పంకించినాడు. మనోళ్ళలో ఇంట్లో ఇద్దరు మగోళ్ళు రెండు మాటలు చెప్తే ఏది వినాల్నో పెద్దలు పెట్టిన పద్ధతిలో ల్యాదు. "సరే, ఎన్ని దినాలని రాసుకోవాల?"

"ఆయమ్మనడగండి."

మేనేజరు అట్లా ఎప్పుడూ అడిగినట్టు ల్యాడు. తువ్వాల ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "ఎన్ని దినాలుంటారమ్మా?"

రాజ్యలక్ష్మమ్మ కొళాయి దగ్గరికొచ్చి, ఎండిపోయిన చెయ్యి కడుక్కునింది. కొంగుకు తుడుచుకునింది.

"రేపేం వండుతారు మీరు?"

"రేపా? చింతచిగురు దొరికితే పప్పు. ల్యాకుంటే బీరకాయ. ఏదైనా మా వంటాయన చేతిలో ఒకటే మాదిరి ఉంటాదిలెండి."

"అయితే రేపుంటా. ఎల్లుండి సంగతి ఎల్లుండి అడగండి."

తేజేశ్వర్ సాయంత్రం బస్సెక్కినాడు. అక్క గేటు దాకా వచ్చి, దారిలో తినమని రెండు అరిటిపండ్లు ఇచ్చింది. ఇంటికి రమ్మని ఆయప్ప అనల్యా, రానని ఆయమ్మా అనల్యా. నంద్యాల దాటంగానే ఫోన్ మోగింది. బావ.

"బయల్దేరినారా?"

"నేను బయల్దేరినా బావా."

ఆ ఒక్క మాటలో ఎంతమంది ఉండారో లెక్కపెట్టుకోవడానికి అవతల కొంత సమయం పట్టింది. తిడ్తాడని చెవి కొంచెం దూరంగా పెట్టుకున్నాడు తేజేశ్వర్.

"తేజా," అన్నాడు బావ. గొంతు మారిపోయింది. "నేనిప్పుడేం చెయ్యాల్నప్పా? నువ్వు చెప్పు."

బస్సు గుంతలో పడి లేచింది. ముందు సీట్లో ముసలామె ఒడిలో కోడి నిద్ర లేచి, అటూ ఇటూ చూసి, మళ్ళీ పడుకునింది.

"నాకు తెలీదు బావా," అన్నాడు తేజేశ్వర్.

బావ ఫోన్ పెట్టెయ్యల్యా. ఆళ్ళగడ్డ దాకా ఇద్దరూ ఫోన్ పట్టుకోని అట్లే కూర్చున్నారు.